సలాం: మసీదు బాట, కచేరీ బాట

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ చిన్న ఊరే అయినా రెండు విషయాలలో దానికి పేరున్నది. ఒకటి, అక్కడి ఉప్పు. రెండవది, రైలు కూడలి. హౌరా నుండి చెన్నై పోయే పెద్ద లైనులో నౌపడ ఒక స్టేషను. 1900లో అక్కడి నుండి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు. 1931లో అది గుణుపురం వరకు సాగినది. 2004లో ఆ చిన్న రైలు ఆగిపోయి, పట్టాలను వెడల్పు చేసిన తరువాత 2011 నుండి పెద్ద రైలు నడవసాగినది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు ఈ ప్రాంతం గంజాం జిల్లాలోనిది. తీరపు తెలుగువారు, ఒరియా మాట్లాడేవారు, కొండల నుండి దిగివచ్చే సవరలు కలుసుకునే తావు ఇది.

మనుషులు కలిసే చోట పలకరింపు మాటలు కూడా కలుస్తాయి. నమస్కారం, దండం, జుహార్, సలాం - ఈ నాలుగూ ఈ ప్రాంతపు చెవికి కొత్తవి కావు. వీటిలో సలాం అనే మాటను ఎరుగని తెలుగువాడు ఉండడు. అయితే నమాజు ముగించి మసీదు మెట్లు దిగుతూ ఇద్దరు ముస్లిములు పరస్పరం చెప్పుకునే సలాం, కచేరీ గుమ్మం ముందు నిలబడి ఒక బీదవాడు దొరకు పెట్టిన సలాం ఒకటేనా? ధ్వని ఒకటే. అక్షరాలు ఒకటే. అర్థం మాత్రం ఒకటి కాదు. ఒకే మాట రెండు బాటలలో నడిచి మన దేశంలోకి వచ్చినది. ఒకటి మసీదు బాట, రెండవది కచేరీ బాట. ఈ రెండు బాటలు ఎక్కడ విడిపోయాయో తెలుసుకోవడం కేవలం భాషా వినోదం కాదు. మన నిత్యజీవితంలో మనం చెప్పే సలాం ఏ బాటకు చెందినదో పరీక్షించుకోవడానికి అది అవసరం.

పదమూలం

అరబీ భాషలో సీన్, లామ్, మీమ్ అనే మూడు అక్షరాల ధాతువు నుండి సలాం ఏర్పడినది. కీడు లేకుండడం, లోపం లేకుండడం, క్షేమంగా, సంపూర్ణంగా ఉండడం దాని మౌలికార్థం. ఇస్లాం, ముస్లిం, సలామత్, తస్లీం అనే మాటలన్నీ ఈ ధాతువు నుండి పుట్టినవే. ఈ ధాతువు అరబీకి మాత్రమే పరిమితం కాదు. హెబ్రూ భాషలో షాలోం, సిరియాక్ భాషలో ష్లామా అనే పలకరింపులు దీని తోబుట్టువులు. అంటే ఇబ్రాహీం (అలైహిస్సలాం) సంతతివారు పలు శాఖలుగా విడిపోయినా, ఎదుటివాని క్షేమం కోరే మాటను మాత్రం అందరూ నిలుపుకున్నారన్నమాట.

ఇంగ్లీషు నుండి వచ్చిన సెల్యూట్ అనే మాట ధ్వనిలో సలాముకు దగ్గరగా ఉన్నందున రెండూ ఒకటేనని కొందరు భావిస్తారు. అది సరి కాదు. సెల్యూట్ లాటిన్ భాషలో ఆరోగ్యం, క్షేమం అనే అర్థమిచ్చే వేరొక మాట నుండి వచ్చినది. అర్థంలో పోలిక ఉన్నదే గాని చుట్టరికం లేదు. అలాగే మనం వీడ్కోలు వేళ చెప్పే 'సెలవు' అనే తెలుగు మాటకూ సలాముకూ ఏ సంబంధమూ లేదు.

దివ్య ఖుర్ఆన్‌లో అస్సలాం అనేది అల్లాహ్ శుభనామాలలో ఒకటిగా హష్ర్ అధ్యాయం 23వ ఆయత్‌లో పేర్కొనబడినది. స్వర్గవాసుల పలకరింపు సలాం అని యూనుస్ అధ్యాయం 10వ ఆయత్, ఇబ్రాహీం అధ్యాయం 23వ ఆయత్ తెలుపుతున్నాయి. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంటికి అతిథులుగా వచ్చిన దైవదూతలు సలాం చెప్పగా ఆయన కూడా సలాం చెప్పిన వృత్తాంతం హూద్ అధ్యాయంలో ఉన్నది. ఆదం (అలైహిస్సలాం)ను సృష్టించిన పిదప అక్కడ కూర్చుని ఉన్న దైవదూతలకు సలాం చెప్పమని అల్లాహ్ ఆజ్ఞాపించినట్లు, వారిచ్చిన జవాబే ఆయన సంతతికి పలకరింపు అయినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు చెబుతున్నది. కావున ఇస్లాం దృష్టిలో సలాం ఒక జాతి ఆచారం కాదు. మానవజాతికి తొలి మానవునితోనే అందిన మర్యాద.

ప్రార్థనగా మారిన పలకరింపు

ఇస్లాంకు ముందు అరబ్బులు ఉదయం కలుసుకున్నపుడు 'అన్‌ఇమ్ సబాహన్' అనేవారు. ఈ ఉదయం నీకు సుఖంగా గడచుగాక అని దాని భావం. మాట మంచిదే. కాని అది ఒక్క పూటకు సరిపోయే కోరిక. దానికి బదులుగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తన అనుచరులకు నేర్పిన 'అస్సలాము అలైకుం' పూటకు కట్టుబడినది కాదు. మీపై శాంతి కలుగుగాక అనే ఆ మాట దుఆ. చెప్పేవాడు తన శక్తితో ఇస్తానన్నది ఏమీ లేదు. అల్లాహ్‌ను అడిగి ఎదుటివానికి ఇప్పిస్తున్నాడు. అదే సమయంలో అది అభయం కూడా. నా వలన నీకు ఏ కీడూ కలగదు అనే హామీ అందులో ఇమిడి ఉన్నది. తెగలు ఒకదానిపై ఒకటి కత్తులు దూసుకునే ఆ నాటి అరేబియాలో ఈ హామీకి ఎంత విలువ ఉండెనో ఊహించవచ్చును.

దైవప్రవక్త (స) మదీనా చేరినపుడు యూద పండితుడైన అబ్దుల్లాహ్ బిన్ సలాం (రజి) తాను మొట్టమొదట విన్న ప్రవక్త వచనాన్ని తరువాత ఉల్లేఖించారు. సలాంను వ్యాపింపజేయడం, అన్నం పెట్టడం, లోకం నిద్రించే వేళ నమాజు చేయడం - ఇవి స్వర్గానికి దారులని ఆ వచన సారం. తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఇది ఉన్నది. ఇస్లాంలో ఏ పని మేలైనదని ఒకరు అడుగగా, అన్నం పెట్టడం, ఎరిగినవారికీ ఎరగనివారికీ సలాం చెప్పడం అని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఈ రెండు హదీసులలోనూ సలాం అన్నదానం సరసన చేర్చబడడం గమనించదగినది. ఆకలిగొన్నవానికి అన్నం ఎటువంటిదో, ఒంటరిగా ఉన్నవానికి, అవమానం పొందినవానికి సలాం అటువంటిది.

జవాబు విషయంలో దివ్య ఖుర్ఆన్ నిసా అధ్యాయం 86వ ఆయత్ స్పష్టమైన నియమం పెట్టినది. ఎవరైనా పలకరించినపుడు అంతకంటె మేలైన రీతిలో జవాబివ్వాలి. కనీసం దానినే తిరిగి చెప్పాలి. అందుకే సలాం చెప్పడం సున్నత్ కాగా జవాబివ్వడం వాజిబ్ అని ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయించారు. ఒకరు 'అస్సలాము అలైకుం' అని, మరొకరు 'వ రహ్మతుల్లాహ్' చేర్చి, ఇంకొకరు 'వ బరకాతుహూ' కూడా చేర్చి చెప్పగా, దైవప్రవక్త (స) వరుసగా 10, 20, 30 పుణ్యాలని పలికినట్లు ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) ఉల్లేఖించారు. జవాబు లేని సలాం ఇస్లాంలో అసంపూర్ణం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మాట బాట తప్పినదెక్కడో చెప్పే ఆనవాలు ఇదే.

ముందుగా ఎవరు చెప్పాలి?

లోకరీతిలో చిన్నవాడు పెద్దవానికి, నౌకరు యజమానికి, నడిచేవాడు గుర్రమెక్కినవానికి ముందుగా వందనం చేయాలి. ఇస్లాం ఇచ్చిన క్రమం వేరు. వాహనం మీద ఉన్నవాడు నడిచేవానికి, నడిచేవాడు కూర్చున్నవానికి, కొద్దిమంది ఎక్కువ మందికి సలాం చెప్పాలని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు. చిన్నవారు పెద్దవారికి చెప్పాలనే మాట బుఖారీలో ఉన్నది. వయసుకు గౌరవం నిలిచే ఉన్నది. కాని గుర్రమెక్కినవాడు నేలమీది వానికి ముందుగా సలాం చెప్పాలనడంలోని మర్మం గొప్పది. ఎత్తున ఉన్నవాని నుండే భయం కలుగుతుంది గనుక అభయం కూడా అతని నుండే రావాలి. గుర్రం మీద కూర్చున్న వాని మనసులో పుట్టే గర్వానికి కూడా ఇదే మందు.

పెద్దవారు చిన్నవారికి చెప్పరాదని దీని అర్థం కాదు. దైవప్రవక్త (స) ఆడుకుంటున్న పిల్లల ప్రక్కగా పోతూ వారికి సలాం చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఇక వంగడం మాటకు వస్తే, ఒకడు తన సోదరుని కలుసుకున్నపుడు అతనికి వంగి నమస్కరించవచ్చునా అని అడుగగా దైవప్రవక్త (స) కూడదన్నారు. చేయి కలుపవచ్చునా అని అడుగగా అవునన్నారు. ఇది కూడా హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనే. తిర్మిజీలో ఉన్నది.

నమాజు రూపాన్ని గమనిస్తే ఈ విషయం మరింత స్పష్టపడుతుంది. నమాజులో దాసుడు రుకూలో వంగుతాడు, సజ్దాలో నేలకు నుదురు ఆనిస్తాడు. అవి రెండూ అల్లాహ్‌కు మాత్రమే. చివరలో కుడికి, ఎడమకు ముఖం తిప్పి సలాం చెబుతాడు. దీనినే తస్లీం అంటారు. ఆ ప్రక్కన ఉన్నవాడు కూలీ కావచ్చు, అధికారి కావచ్చు. అతనికి వంగడం లేదు. శాంతి కోరడమే ఉన్నది. అల్లాహ్ ముందు వంగడం, మనిషికి క్షేమం కోరడం - ఈ రెంటికీ మధ్య గల గీతను నమాజు ప్రతిదినం 5 పూటలా గీసి చూపుతున్నది.

దర్బారులో తస్లీం

ఈ గీత చెరిగినది రాజుల దర్బారులలో. ఇరాను చక్రవర్తుల కాలం నుండి వస్తున్న సాష్టాంగ మర్యాదలు ముస్లిం సుల్తానుల కొలువులలోనూ చోటు చేసుకున్నాయి. మొగలాయీ చక్రవర్తి అక్బరు దర్బారు పద్ధతులను అబుల్ ఫజల్ తన ఆయినె అక్బరీలో వివరించాడు. కుడి అరచేతిని నుదుట ఉంచి తల వంచడం కోర్నిష్. కుడి చేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి, మెల్లగా పైకి లేస్తూ నిటారుగా నిలబడి, అరచేతిని నడినెత్తిన ఉంచడం తస్లీం. నమాజు చివర తోటి మానవునికి శాంతి కోరే తస్లీం ఎక్కడ! రాజు ముందు చేయి నేలకు ఆనించే తస్లీం ఎక్కడ! పేరు ఒకటే అయినా దిక్కు మారిపోయినది.

అక్బరు కాలంలో పాదుషాకు సజ్దా చేసే పద్ధతి కూడా నడిచినది. 1628లో సింహాసనమెక్కిన షాజహాను దానిని రద్దు చేశాడు. ఔరంగజేబు పాలనలో ముస్లిం ఉద్యోగులు ఒకరినొకరు కలుసుకున్నపుడు చేయి నెత్తికెత్తడం మాని సలాం వాక్యం పలకాలని ఉత్తరువు వెలువడినది. ఉలమాలు ఈ దర్బారు మర్యాదలను ఆది నుండి ఆక్షేపించారు. అయినా ఆచారం బలమైనది. లక్నో, హైదరాబాదు వంటి కొలువులలో ఆదాబ్, తస్లీమాత్, బందగీ అనే మర్యాదలు, నేలదాకా వంగి చేసే ఫర్షీ సలాం వర్ధిల్లాయి. బందగీ అంటే దాస్యం. సలాం స్థానంలోకి దాస్యమనే మాటే నేరుగా వచ్చి కూర్చున్నది.

ఉత్తర తీరానికి రెండు బాటలు

తెలుగుదేశపు ఉత్తర తీరానికి సలాం చేరిన తీరు కూడా ఇదే. శ్రీకాకుళం పట్టణంలోని జామియా మసీదు 1641లో నిర్మించబడినది. గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ ముహమ్మద్ ఖాన్ దానిని కట్టించాడు. ఆ మసీదులో నాడు ప్రతి నమాజు చివర వినవచ్చిన సలాం మదీనాలో పలికిన సలామే. వరుసలో నిలిచిన సిపాయికీ, బజారులోని చిరువర్తకునికీ అది సమానంగా అందినది. తరువాతి తరాలలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలలోనూ, తెలుగే ఇంటి భాషగా గల నూర్‌బాషా వంటి కుటుంబాలలోనూ ఈ సలాం తల్లి ఒడిలోనే పిల్లలకు అందుతూ వచ్చినది. ఇది మసీదు బాట.

అదే పట్టణంలో ఫౌజుదారు కొలువు కూడా ఉండెను. శిస్తు చెల్లించవలసిన జమీందారులు, ఫిర్యాదు చేసుకోవలసిన రైతులు అక్కడికి పోవలసి వచ్చేది. వారు మసీదు లోపలి సలాం వినలేదు. కొలువులో చేయవలసిన సలామునే చూశారు. చికాకోలు సర్కారు 1687 తరువాత మొగలాయీల చేతికి, అనంతరం ఆసఫ్‌జాహీల చేతికి వచ్చినది. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. 1765లో పాదుషా షా ఆలం సనదుతో, 1766లో నిజాముతో ఒడంబడికతో ఇంగ్లీషు కంపెనీ వాటిని పొందినది. ప్రభువులు మారారు. కాని కచేరీ, దివాణం, హుజూరు, జమాబందీ అనే మాటలు మారలేదు. వాటితోపాటు సలాం కూడా కొత్త ప్రభువుల సొత్తు అయినది. సలాం అర్థం తెలియని ఇంగ్లీషు దొర, సలాం అర్థం తెలియని తెలుగు రైతు నుండి దానిని వసూలు చేయసాగాడు.

1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు వ్యాపారం సర్కారు గుత్తాధికారం క్రిందికి వచ్చినది. ఉప్పుమడులలో పనిచేసేవాడు తాను పండించిన ఉప్పును సర్కారుకే అప్పగించాలి. దానిపై కాపలా ఉంటుంది, తూకం ఉంటుంది, పైన అధికారి ఉంటాడు. గంజాం తీరంలోని ముఖ్యమైన ఉప్పు కొఠారులలో నౌపడ ఒకటి. ఉప్పు కూలీకీ ఉప్పు దొరకూ మధ్య నడిచే సలాం ఏ బాటన వచ్చినదో వేరే చెప్పనక్కరలేదు. అది కూలీ నోటి నుండి బయలుదేరుతుంది. దొర నోటి నుండి తిరిగి రాదు. ఇది కచేరీ బాట.

తెలుగులో సలాం పొందిన అర్థం

భాష రూపం దానిని మాట్లాడేవారి నోటనే ఉంటుందని వాదించిన గిడుగు రామమూర్తిగారు నౌపడ చిన్న రైలు చేరే పర్లాకిమిడిలోనే చాలాకాలం నివసించారు. ఆ దృష్టితో తెలుగువారి నోట సలాం ఏ అర్థంలో నిలిచినదో పరిశీలించాలి. 'సలాం కొట్టడం' అంటే లొంగి ఉండడం. 'వంగి వంగి సలాములు చేయడం' అంటే స్వలాభం కోసం పెద్దల వెంట తిరగడం. 'వాడికి నేను సలాం కొట్టాలా?' అంటే ఆత్మాభిమానం అడ్డువచ్చినదని అర్థం. శాంతి, క్షేమం అనే భావం ఈ నుడికారాలలో ఎక్కడా మిగలలేదు. చేతి కదలిక, నడుము వంపు మాత్రం మిగిలాయి.

దీనికి కారణం లేకపోలేదు. తెలుగులో అంతకు ముందున్న దండం, నమస్కారం అనే మాటలు వంగడాన్ని సూచించేవి. నమ ధాతువుకు వంగడమని అర్థం. కర్రవలె నేలపై సాగిలపడడం దండప్రణామం. కొత్తగా వచ్చిన సలాంను జనం ఆ పాత మాటల చోటనే ఉంచి అర్థం చేసుకున్నారు. సి.పి. బ్రౌను 1854లో తెలుగులోని అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు ప్రకటించే నాటికే ఇటువంటి కచేరీ మాటలు తెలుగులో పాతుకొనిపోయి ఉన్నాయి.

ఇంగ్లీషు భాషలో కూడా ఇదే జరిగినది. వారి నిఘంటువులు సలాం అంటే అరచేతిని నుదుటికి ఆనించి బాగా వంగి చేసే వందనమని అర్థం చెబుతాయి. దీనికి ఒక విచారకరమైన దృష్టాంతం వైద్యశాస్త్రంలో ఉన్నది. పసిబిడ్డ తల మాటిమాటికీ ముందుకు వాలి మోకాళ్ళ వరకు వంగిపోయే ఒక రకం మూర్ఛవ్యాధిని డబ్ల్యు.జె. వెస్ట్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1841లో లాన్సెట్ పత్రికలో వర్ణించాడు. అతడు వర్ణించినది తన సొంత కుమారుని వ్యాధిని. దానికి వాడుకలోకి వచ్చిన పేర్లలో ఒకటి 'సలాం మూర్ఛ'. క్షేమానికి పెట్టిన పేరు ఒక వ్యాధికి పేరైనది. వంగడమే సలాం అని లోకం ఎంతగా నమ్మినదో ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ధనం కూడా ఈ మాటలో చొరబడినది. వంగ, బీహారు జమీందారీలలో కౌలుదారు భూమిని పుచ్చుకునేటప్పుడు జమీందారుకు చెల్లించే మొత్తాన్ని సలామీ అన్నారు. ఆంగ్లో-ఇండియను ఇళ్ళలో, కచేరీలలో 'దొరగారు మీకు సలాం చెప్పారు' అని బంట్రోతు కబురు తెస్తే, వెంటనే రమ్మన్నారని అర్థం. కింది నుండి పైకి పోతే లొంగుబాటు, పై నుండి కిందికి వస్తే ఆజ్ఞ. సలాంకు కచేరీలో ఈ రెండు దిక్కులే మిగిలాయి.

ఎదురెదురుగా నడిచిన రెండు మాటలు

ఇక్కడ ఒక చిత్రమైన విషయం గమనించాలి. నమస్కారం అనే మాట మొదట వంగడాన్ని సూచించినా, ఇరవయ్యవ శతాబ్దంలో అది తెలుగువారిలో సమానుల పలకరింపుగా ఎదిగినది. సభలో వక్త శ్రోతలకు, మంత్రి ఓటరుకు, గురువు శిష్యునికి కూడా నేడు నమస్కారం చెబుతారు; దానికి ప్రతినమస్కారం వస్తుంది. సలాం సమానుల మాటగా పుట్టి, లోకవ్యవహారంలో లొంగుబాటు మాటగా దిగజారినది. ఒకటి మెట్లు ఎక్కినది. రెండవది మెట్లు దిగినది. దీనిని బట్టి తేలేదేమిటంటే, పలకరింపు మాట గౌరవం దాని ధాతువులో మాత్రమే ఉండదు. ముందుగా ఎవరు చెబుతున్నారు, జవాబు వస్తున్నదా లేదా - ఈ రెంటిపై అది ఆధారపడి ఉంటుంది.

సలాం ఆ దిగుడులోనే ఆగిపోలేదు. కార్మికోద్యమాలలో, కమ్యూనిస్టు పార్టీలలో 'లాల్ సలాం' సహచరుల మధ్య పలకరింపు అయినది. 1967 మొదలు 1970 వరకు గిరిజన రైతాంగ సాయుధ పోరాటం నడిచిన శ్రీకాకుళం జిల్లాలో ఆ మాట తెలియనివారు తక్కువ. ఆ రాజకీయాలతో ఇస్లాం ఏకీభవించేదీ లేనిదీ వేరు విషయం. కాని ఇద్దరూ ఒకే మాటను పరస్పరం చెప్పుకోవడమనే గుణం ఆ వాడుకలో మళ్ళీ కనిపిస్తుంది. నేటి పత్రికలలో 'సైనికులకు సలాం', 'ఆ తల్లికి సలాం' వంటి శీర్షికలు తరచుగా వస్తున్నాయి. ఇక్కడ సలాం అంటే మెచ్చుకోలు. భయంతో వంగడం పోయి మనస్ఫూర్తిగా గౌరవించడం వచ్చినది. అయినా మొదటి అర్థమైన క్షేమం కోరడం, దుఆ చేయడం అందులో లేదు. దానిని చూపవలసినవారు, ఆ మాట ఎవరి నిత్యజీవితంలో దుఆగా నిలిచి ఉన్నదో వారే.

పొరుగువారికి సలాం

నౌపడ వంటి ఊరిలో ముస్లిముకు రోజూ ఎదురయ్యేవారిలో ఎక్కువమంది ముస్లిమేతరులే. వారితో సలాం విషయం ఎట్లా అన్న ప్రశ్న సహజం. ముస్లిమేతరులకు ముందుగా ఈ వాక్యంతో సలాం చెప్పరాదన్నది ఎక్కువమంది ధర్మశాస్త్రవేత్తల అభిప్రాయం. మదీనాలో కొందరు 'అస్సలాం' బదులు నాలుక మడిచి మరణమని అర్థమిచ్చే 'అస్సాము' అంటూ వచ్చేవారు. దైవప్రవక్త (స) వారిని దూషించక 'వ అలైకుం' అని మాత్రమే బదులిచ్చేవారు. హజ్రత్ ఆయిషా (రజి) కోపగించుకొనగా మృదువుగా ఉండమని బోధించారు. సలాం విషయమై వచ్చిన ఆంక్షలను ఇటువంటి వైర పరిస్థితుల నేపథ్యంలో అర్థం చేసుకోవాలని చెప్పిన విద్వాంసులు ఉన్నారు. సలాం చెప్పినవాడు ఏ మతం వాడైనా జవాబివ్వాలని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు ఇమాం బుఖారీగారి అల్ అదబుల్ ముఫ్రద్‌లో ఉన్నది. సుఫ్యాన్ బిన్ ఉయైనా అయితే ముందుగా చెప్పడం కూడా అనుమతమేనన్నారు; హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన తండ్రికి సలాం చెప్పి వీడ్కోలు తీసుకున్న మర్యమ్ అధ్యాయపు వృత్తాంతాన్ని ఆయన ఆధారంగా చూపారు.

ముస్లిములు, ముష్రికులు, యూదులు కలిసి కూర్చున్న ఒక సమావేశం ప్రక్కగా పోతూ దైవప్రవక్త (స) వారికి సలాం చెప్పారని ఉసామా బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. కనుక ఎవరు ఏ అభిప్రాయాన్ని అనుసరించినా ఒక విషయంలో భేదం లేదు. పొరుగువాడు మర్యాదతో పలకరించినపుడు ముఖం తిప్పుకోవడం ఇస్లాం కాదు. మన ఊరి హిందూ సోదరుడు 'సలాం భాయీ' అంటే అతడు మన మాటతో మనలను గౌరవిస్తున్నాడు. దానికి చిరునవ్వుతో తగిన జవాబివ్వడం, యోగక్షేమాలు విచారించడం ఖుర్ఆన్ నేర్పిన సదాచారంలోనిదే.

మన సలాం ఏ బాటది?

చివరకు ప్రశ్న మన వద్దకే వస్తుంది. కచేరీ బాట తెల్లదొరలతో పోలేదు, 1948లో జమీందారీల రద్దు చట్టంతోనూ పోలేదు. అది ముస్లిముల ఇళ్ళలోనూ దుకాణాలలోనూ కూడా ఉన్నది. దుకాణం తెరిచే కుర్రవాడు సలాం చెబితే యజమాని తల కూడా ఎత్తడు. రిక్షావాడు సలాం చెబితే సేఠ్ రెండు వేళ్ళు కదిపి ఊరుకుంటాడు. మసీదులో ధనవంతునికి పదిమంది సలాం చెబుతారు. మూలన కూర్చున్న వృద్ధునికి చెప్పేవాడు ఉండడు. ఇవన్నీ అరబీ ఉచ్చారణ ఎంత శుద్ధంగా ఉన్నా కచేరీ సలాములే. వాజిబ్ అయిన జవాబును ఎగవేసినవాడు హోదా చూపుకున్నానని అనుకోవచ్చు. నిజానికి అతడు ఒక బాకీ మిగుల్చుకున్నాడు.

ఉచ్చారణ కూడా నిర్లక్ష్యం చేయదగినది కాదు. తొందరలో అక్షరాలు మింగి 'సామలేకుం' అనడం అలవాటైనది. ఫోను సందేశాలలో రెండు మూడు అక్షరాలతో సరిపెట్టడం ఇప్పుడు మామూలైనది. దుఆ చేస్తున్నామని గుర్తున్నవాడు దానిని అంతగా కుదించడు. అర్థం తెలిస్తే ఉచ్చారణ దానంతటదే కుదుటబడుతుంది. కావున పిల్లలకు సలాం నేర్పేటప్పుడు చేయి నుదుటికి ఎత్తడం కంటె ముందు దాని అర్థం తెలుగులో చెప్పి నేర్పడం మేలు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) బజారుకు పోయేవారు. ఏదీ కొనేవారు కారు, బేరమాడేవారు కారు. పాతసామాన్లు అమ్ముకునేవాడైనా, పెద్ద వర్తకుడైనా, బీదవాడైనా ఎదురైన ప్రతివానికీ సలాం చెప్పేవారు. మీకు బజారులో పనేమిటని వెంట ఉన్న తుఫైల్ అడిగితే, ఎదురైనవారికి సలాం చెప్పడానికే పోతున్నామన్నారు. ఇమాం మాలిక్‌గారి మువత్తాలో ఈ వృత్తాంతం ఉన్నది. ఖలీఫా కుమారుడు పాతసామాన్ల వానికి తానే ముందుగా సలాం చెప్పాడు.

పోయిన అర్థాన్ని తిరిగి తేవడానికి ఇంతకంటె గొప్ప ఉపాయం లేదు. యజమాని పనివానికి, అధికారి బంట్రోతుకు, బండి మీద పోయేవాడు నడిచేవానికి, లారీ ఎక్కిన వర్తకుడు ఉప్పుమడిలో నిలిచిన కూలీకి ముందుగా సలాం చెప్పాలి. చెప్పిన సలాంకు నిండుగా జవాబు రావాలి. అలా జరిగిన ప్రతి చోటా మాట కచేరీ బాట విడిచి తన మొదటి బాటకు చేరుతుంది. ఆ మార్పు పైన ఉన్నవాడు మొదలుపెట్టవలసినది. సలాం కోసం ఎదురుచూసేవాడు దానిని మార్చలేడు. ముందుగా చెప్పేవాడే మార్చగలడు.